ఎంత ఓర్పో!

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఆడమనిషికి దక్కే అన్నిటికంటే పెద్ద బిరుదు "ఎంత ఓర్పో!". దీనికోసం ఢిల్లీ వెళ్లక్కర్లేదు, రాష్ట్రపతి ముందు నిలబడక్కర్లేదు. రాత్రి నాలుగుసార్లు వాంతి చేసుకుని, ఇంట్లో ఎవరికీ నిద్రాభంగం కాకుండా బకెట్టు తనే కడుక్కుని, తెల్లారేసరికి పొయ్యి దగ్గర నిలబడితే చాలు. వీధి వీధంతా వచ్చి బిరుదిచ్చి పోతుంది. శాలువా ఖర్చు కూడా లేదు.

మా వదినకి ఈ బిరుదు అండాశయ కేన్సర్‌కి కీమో మొదలయ్యాక వచ్చింది. అంతకుముందు చాలా నెలలు ఆ జబ్బు పేరు గ్యాస్. కడుపు ఉబ్బితే గ్యాస్. రెండు ముద్దలకే పొట్ట నిండిపోతే గ్యాస్. మాటిమాటికీ ఒంటికి వెళ్లాల్సొస్తే "వయసు మీద పడినాది, ఏటి సేస్తాం". ఈ మూడూ కలిసి వారాల తరబడి వదలకపోతే అండాశయాన్ని అనుమానించమని వైద్యశాస్త్రం మొత్తుకుంటుంది. కానీ మా మందసలో గ్యాస్ అనేది జబ్బు కాదు, వేదాంతం. అన్నిటికీ జవాబు చెబుతుంది, పైసా అడగదు. ఆఖరికి స్కానింగులో పొట్ట నిండా నీరు కనబడి, సీఏ-125 పరీక్షలో అంకె ఆకాశానికెక్కాక గ్యాస్ మౌనం దాల్చింది.

విశాఖలో అండాశయ కేన్సర్ అని రాసిచ్చిన కాగితం ఊళ్లోకి వచ్చేసరికి "కడుపులో కంతి" అయిపోయింది. అండాశయం అన్న మాట మగాళ్ల ముందు అనకూడదు, ఆడాళ్ల ముందు అనాల్సిన పని లేదు. "పిల్లల్ని కనీసింది కదా, ఆ సామాను ఇంకెందుకు, తీయించీండి" అని మా పెదమావ తీర్పు కూడా చెప్పేశాడు, ట్రాక్టరుకి స్పేరు టైరు సంగతి మాట్లాడినట్టు.

మందు లెక్క తేలికే. పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ అని రెండు మందులు, మూడు వారాలకోసారి, మొత్తం ఆరుసార్లు. మందస రోడ్డులోనో పలాసలోనో రైలెక్కి, రెండొందల కిలోమీటర్ల పైచిలుకు పోతే విశాఖ. ఇటు ఒడిశా వైపు మొగ్గేవాళ్లకి బరంపురం. ఆ ఒక్కరోజూ ఆమె చుట్టూ డాక్టర్లు, నర్సులు, బీపీ చూసే యంత్రాలు. ఖర్చు కార్డు మీద పోతుంది. 2007లో ఆరోగ్యశ్రీగా పుట్టి, ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మార్చుకుని, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా తిరుగుతున్న ఆ కార్డే. బాగానే ఉంది. మరి మిగతా ఇరవై రోజులు? ఆ ఇరవై రోజులకీ డాక్టర్లం మేమే.

పరామర్శకి వట్టి చేతులతో వెళ్లకూడదన్నది మందస మర్యాద. మందసలో మర్యాద అంటే కోవా. పెదమావ అరకిలో పొట్లం మంచం మీద పెట్టి, కుర్చీ లాక్కుని, సెల్లు తీసి వాట్సాప్ చదివాడు: "పంచదారే కేన్సర్‌కి తిండి. పంచదార మానీస్తే కంతి ఎండిపోతాది." చదవడం అయ్యాక పొట్లం విప్పి, "తినమ్మా, ఒంటికి బలం" అన్నాడు. ఈ రెండు వైద్యాల మధ్య ఏది పాటించాలో తెలియక వదిన ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. కీమోలో నాలుక మీద ఇనప రుచి నిలిచిపోతుంది, బుగ్గల లోపల పుళ్లు పూస్తాయి. ఆమె మింగలేక కళ్లనీళ్లు పెట్టుకుని, మర్యాదకి నవ్వింది. "ఎంత ఓర్పో!" అన్నాడు మావ. మిగిలిన కోవా పాడైపోతుందని తనే తినేసి వెళ్లాడు.

ఆయన వెనక మిగతా వైద్యబృందం. ఒకరిది లక్ష్మణఫలం ఆకుల కషాయం. ఒకరిది గోమూత్రం అర్కం. ఇంకొకరిది బొప్పాయి ఆకు పసరు. తెల్లకణాలు తగ్గిన మనిషికి కడగని ఆకు దంచి పిండిన పచ్చి రసం! ఇంతమంది ఇన్ని సంగతులు తెలిసినవాళ్లలో ఒక్కరికీ తెలియనిది ఒకటుంది. వైద్యానికి వెళ్లే కేన్సర్ రోగికి రైల్లో స్లీపర్ టికెట్టు ఉచితం, తోడు వెళ్లే మనిషికి ముప్పావు వంతు రాయితీ. ఆస్పత్రివాళ్లు ఫారం నింపి ఇస్తారు. దీన్ని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. ఇందులో మహిమ లేదు మరి.

"ఇంగ్లీషు మందు ఒళ్లు కాల్చీస్తాది, సెట్టు మందు వాడండి" అనేవాళ్లంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. అయ్యా, ఆ సీసాలో ఎక్కుతున్నది చెట్టు మందే. అమెరికా పడమటి తీరంలో పెరిగే యూ అనే చెట్టు బెరడులో దొరికింది పాక్లిటాక్సెల్. దాని నిర్మాణాన్ని 1971లో లోకానికి చెప్పినవాళ్లలో ఒకాయన మన్రో వాల్, ఇంకో ఆయన బొంబాయి విశ్వవిద్యాలయంలో చదువుకున్న మన్సుఖ్ వాణీ. 1992లో అమెరికా దానికి మొదట అనుమతిచ్చింది కూడా అండాశయ కేన్సర్‌కే. భస్మాల వాళ్లకీ అన్యాయం జరగలేదు. కార్బోప్లాటిన్‌లో ఉన్నది ప్లాటినం, పెళ్లిళ్లలో మనం బంగారం పక్కన పెట్టి మురిసే లోహం. ఇక ఇంగ్లీషు సంగతంటారా, కీమో తొలినాటి మందుల్లో ఒకటైన మెథోట్రెక్సేట్ బయటికొచ్చింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన పరిశోధనల్లోంచి. చెట్టూ ఉంది, లోహమూ ఉంది, గోదావరి జిల్లా వాడూ ఉన్నాడు. తేడా ఒక్కటే: ఎవరికి ఎంత ఎక్కించాలో, ఎప్పుడు ఆపాలో కొలత రాసిపెట్టారు. మా కషాయాలకి కొలత గ్లాసుడు.

ఆ కొలత దగ్గరే ఉద్దానం కిడ్నీ జబ్బుల కథ అడ్డొస్తుంది. క్రియాటినిన్ అన్న మాట మాకు ఎవరూ నేర్పక్కర్లేదు, పెళ్లి సంబంధాల్లో కూడా ఆరా తీస్తాం. కార్బోప్లాటిన్ డోసు మనిషి ఎత్తూ బరువూ చూసి మాత్రమే వేసేది కాదు, కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చూసి లెక్కగట్టేది. 1989లో కల్వర్ట్ అనే ఆయన కట్టిన సూత్రం ఇప్పటికీ అదే. కిడ్నీ మందగిస్తే మందు ఒంట్లో నిలిచిపోయి రక్తకణాల్ని ఎక్కువ నరుకుతుంది. అంచేత కీమోలో ఉన్న మనిషి వాంతులై నీళ్లు తాగలేకపోతే అది ఓర్చుకునే సంగతి కాదు, ఫోను చేసే సంగతి. వాంతి మాత్ర వాంతయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. రాసిచ్చిన రోజులన్నీ, కడుపు బాగున్నా వేసుకోవాలి. మా ఇంట్లో ఏం చేశారంటే, "ఎందుకు ఊరికే మాత్రలు మింగడం, ఒళ్లు వేడి" అని దాచిపెట్టారు. పొదుపు.

మందు ఎక్కిన రెండో మూడో రోజు నుంచి కాళ్లూ కీళ్లూ ఎవరో మెలిపెడుతున్నట్టు నొప్పులు. పాక్లిటాక్సెల్‌తో అది మామూలే, నాలుగైదు రోజుల్లో సద్దుమణుగుతుంది. ఆస్పత్రిలో చెబితే కిడ్నీలకు చెరుపు చెయ్యని మాత్ర రాస్తారు. మేం ఆరెంపీని పిలిచాం. ఆయన డైక్లోఫినాక్ సూది పొడిచాడు. ఎక్కడ? ఉద్దానంలో! ఏ ఊళ్లో చూసినా డయాలసిస్ మనిషి ఉన్న చోట. పలాసలో 2023 డిసెంబరు 14న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి 200 పడకల ఆస్పత్రినీ కిడ్నీ పరిశోధన కేంద్రాన్నీ ప్రారంభించారు. హిరమండలం జలాశయం నుంచి 700 కోట్ల రూపాయల పథకంతో తాగునీరు తెచ్చారు. ఇక్కడి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో శాస్త్రవేత్తలు ఏళ్లుగా వెతుకుతూనే ఉన్నారు. మా ఆరెంపీ మాత్రం వెతకడం లేదు. ఆయన సూది మోటారు సైకిలు పెట్టెలో రెడీగా ఉంటుంది.

జుట్టు సంగతి వేరే చెప్పాలి. మొదటి కీమో అయిన రెండు మూడు వారాల్లో అది ఊడుతుంది, వైద్యం అయిపోయాక మళ్లీ వస్తుంది. ప్రాణానికి ఏ హానీ చెయ్యని బాధ అదొక్కటే. ఊరు ఏడ్చింది దానికొక్కదానికే. "పూలెట్టుకునే జడ, సూడలేకపోతన్నాను పిల్లా" అని ఒకావిడ శోకాలు తీసింది. ఇంకో ఆవిడ, "ఆ క్రిమినల్ సినిమాలో మనీషా కొయిరాలాకీ ఇదే రోగం, తగ్గిపోనాది కదా" అని ధైర్యం చెప్పింది. నిజమే, 2012లో ఆమెకీ ఇదే వచ్చింది, న్యూయార్కులో వైద్యం చేయించుకుని బతికి బయటపడింది. పోలిక బాగుంది. న్యూయార్కుకీ మందసకీ మధ్య తేడా ఒక సముద్రమే కదా, అది మాకూ ఉంది.

అసలు పోయింది జుట్టు కాదు. వదిన పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్లేది. వేలికొసలతో పొట్టు ఒలిచి పప్పు విరక్కుండా తియ్యాలి. విరగని పప్పుకొక ధర, బద్దకొక ధర. ఆ పనిలో కళ్లు అక్కర్లేదు, పక్కమనిషితో కబుర్లాడుతూ వేళ్లే చూసుకుంటాయి. సగం కీమోలు అయ్యేసరికి ఆ వేళ్లు మొద్దుబారాయి. ఒకరోజు ఇంట్లో ఉన్న పిక్కల్లోంచి ఒక పప్పు తీసి పట్టుకుంది. పట్టుకుందో లేదో చూసుకుంటే తప్ప తెలియలేదు. గట్టిగా నొక్కింది. బద్దలయింది. ఇంకొకటి తీసింది. అది జారి మంచం కిందికి పోయింది. ఆ తర్వాత జాకెట్టు హుక్కులు కూతురు పెట్టడం మొదలైంది. ఆస్పత్రిలో మాత్రం చెప్పలేదు. "సెప్తే మందు ఆపీస్తారేమోనని బయం" అంది.

డాక్టరు అడక్కపోలేదు. "తిమ్మిర్లేమైనా ఉన్నాయామ్మా?" అని ఆమె మొహం చూసే అడిగాడు. జవాబు మా అన్నయ్య చెప్పాడు: "ఏటీ లేవండి, మనిషి మంచి ఓర్పండి." డాక్టరు "లేవు" అని రాసుకున్నాడు. తిమ్మిర్లు ముదురుతున్నాయని చెబితే డోసు తగ్గిస్తారు, లేదా ఆ మందు కుటుంబంలోనే ఇంకోదానికి మారుస్తారు. వైద్యం ఆగదు, దారి మారుతుంది. చెప్పకపోతే నరాల దెబ్బ నెలలు, ఏళ్లు ఉండిపోవచ్చు. అంటే ఆ ఒక్క వాక్యంతో మా అన్నయ్య తన పెళ్లాం వేళ్లని పొగిడి పొగిడి తాకట్టు పెట్టేశాడు. ప్రేమతోనే. అదే దీంట్లో పెద్ద తమాషా.

ఇదే మందస నేలకి ఇంకో ఆడమనిషి మీద గౌరవం ఉంది. వీర గున్నమ్మ. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో, మందస జమీందారు అడవి కట్టెల తగాదాలో రైతుల్ని పట్టుకుపోతున్న పోలీసులకి అడ్డం తిరిగింది. గర్భిణి. తుపాకీ గుండుకి పడిపోయింది. ఏటా వర్ధంతికి దండలేస్తాం, మైకులో ఉపన్యాసాలిస్తాం. పెదమావ కూడా మాట్లాడతాడు, గొంతు పూడుకుపోతుంది. ఓర్చుకోనందుకు ఒకామెకి దండ, ఓర్చుకున్నందుకు ఇంకొకామెకి బిరుదు. దండ వేయించుకోవడానికి మాత్రం ముందు చచ్చిపోవాలి.

కీమో ఎక్కిన రెండో వారం చెడ్డ వారం. తెల్లకణాలు అడుగంటే రోజులవి. అప్పుడు జ్వరం 100.4 దాటిందంటే అది ఎవరి ఇంట్లోనూ ఆగే జ్వరం కాదు. గంటలో నరానికి యాంటీబయాటిక్ ఎక్కాలి. అంతకుముందు పారాసెటమాల్ మింగితే అంకె దిగి మోసం చేస్తుంది, జబ్బు మాత్రం లోపల దాని పని అది చేసుకుపోతుంది. మా ఇంట్లో మనిషికో సెల్లు చొప్పున సెల్లులున్నాయి, థర్మామీటరు లేదు. అత్త అరచెయ్యే థర్మామీటరు. "కూసింత వెచ్చగున్నాది, గాలి జొరం" అని చదివేది.

ఐదో కీమో తర్వాత ఒక రాత్రి ఒణుకు పట్టింది. అప్పటికి వదిన కూతురు కాశీబుగ్గలో మందుల షాపు నుంచి థర్మామీటరు ఒకటి తెచ్చి దిండు కింద పెట్టింది. తీసి చూస్తే 101.6. పిల్ల ఆస్పత్రివాళ్లిచ్చిన నంబరుకి ఫోను చేసింది. వెంటనే దగ్గర్లోని పెద్దాస్పత్రికి బయల్దేరమన్నారు. పెదమావ అడ్డం పడ్డాడు. "ఈ రేత్రిపూట ఎక్కడికెల్తారు? మాత్రెట్టండి, తెల్లారనీండి. ఒక్క రేత్రికి ఓర్సుకోలేదేటి?"

దుప్పటి లోపల్నుంచి వదిన, పళ్లు టకటకా కొట్టుకుంటూనే, "ఓర్సుకోను మావా. ఆటో పిలండి" అంది.

ఆటో వచ్చింది. మావ కూడా ఎక్కాడు, మగతోడు ఉండాలి కదా. టెక్కలి దాటేదాకా గోమూత్రం మహిమ చెబుతూనే ఉన్నాడు.