గజములు కొనువారు, గొయ్యి త్రవ్వనివారు

ఆర్మూరు ప్రాంతపు పసుపు నిజామాబాదు యార్డులో రాశులుగా పోసిన ఉదయమున ఖరీదుదారు వచ్చు తీరు చూడదగినది. రాశిపైనున్న నాలుగు కొమ్ములను అతడు నమ్మడు. మోచేతివరకు చేయి జొనిపి అడుగునుండి గుప్పెడు తీయును, రెండు కొమ్ములనొకదానితో నొకటి తాకించి చప్పుడు వినును, ఫట్టున విరిచి లోపలి రంగును వెలుతురునకెత్తి చూచును, వాసన చూచును, అంతటితో తృప్తి కలుగకున్న పంటికింద వేసి కొరుకును. రైతు దీనిని అవమానముగా నెంచడు. విత్తనము కొనునపుడు తానును అట్లే విరుచును గనుక.

ఇట్టి పరీక్షాదక్షులకు పుట్టినిల్లయిన ఆర్మూరులో, ఆ పసుపు పైసలును, దుబాయి మస్కటులనుండి కొడుకు పంపిన పైసలును కలిసి ఒక ప్లాటుగా రూపాంతరము చెందు దినమున జరుగు తంతు మాత్రము వేరు. బయానా ఇచ్చుటకు మునుపు లింకు పత్రములు వరుసగా పేర్చి చదువుదురు, 1954-55 నాటి ఖాస్రా పహాణీలో ఎవరి తాత పేరున్నదో వెదకుదురు, ఈసీ తీయింతురు, భూభారతిలో సర్వే నంబరు కొట్టి చూతురు. పిమ్మట వాస్తు పండితుడు దిక్సూచితో విచ్చేసి ఈశాన్యము పెరిగినదో తరిగినదో కొలుచును. కాగితము నిష్కళంకము, దిక్కులు సుప్రసన్నములు. ఇక మిగిలినది మన్ను, దానినెవ్వరును ముట్టరు.

ఈ విషయమున వాస్తు పండితులపై నాకొక ఫిర్యాదు గలదు. వరాహమిహిరుడు 6వ శతాబ్దమున బృహత్సంహితలో, ఇల్లు కట్టదలచినవాడు మూరెడు గొయ్యి త్రవ్వి, ఆ మన్నుతోనే దానిని పూడ్చి, మన్ను మిగిలినదో చాలకపోయినదో చూడవలెననియు, గోతినిండ నీరు పోసి నూరడుగులు నడిచివచ్చి ఎంత ఇంకినదో కనుగొనవలెననియు చెప్పియున్నాడు. నేలలో దాగిన ఎముకలు, బొగ్గు, ఊక మొదలగువానిని తీసివేయుటకు శల్యోద్ధారమను ప్రత్యేక కర్మయే శాస్త్రమున గలదు. మన పండితులు అంతటి శాస్త్రమునుండి మెట్లను, మరుగుదొడ్డిని, వీధిపోటును ఉంచుకొని గోతిని మాత్రము విడిచిపెట్టిరి. గొయ్యి త్రవ్వినచో చెమట పట్టును గదా! “ఆగ్నేయమున ఆర్సెనిక్కు ఇల్లాలికి అరిష్టము, నైరృతిలో సీసము యజమానునకు పదవీభ్రంశము” అని ఎవరైన పుణ్యాత్ములు ఒక్క శ్లోకము రచించి పంచాంగమున జొప్పించిరేని, వచ్చు శుక్రవారమునాటికి ప్రయోగశాలల ముందర జనము బారులు తీరుట తథ్యము.

సర్కారువారు మన్నును పరీక్షింపరనుటయు అన్యాయమే. 2015లో ప్రారంభమైన సాయిల్ హెల్త్ కార్డు నత్రజని, భాస్వరము, జింకు మొదలుకొని 12 అంశములు చెప్పును. అది మొక్క ఆకలిని విచారించు కార్డు. మనిషి తాగు బోరునీటిలో సీసమున్నదో కాడ్మియమున్నదో దానికి పట్టదు.

పటాన్‌చెరు బొల్లారముల కథ మనకు దూరపు కథ కాదు. 1970ల నుండి వెలసిన కర్మాగారముల వ్యర్థజలము చెరువులకును నక్కవాగునకును చేరి, బావులు చెడి, పంటలు చెడి, 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టు మెట్లెక్కినది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ ప్రాంతమును తీవ్ర కాలుష్య ప్రాంతముల జాబితాలో చేర్చినది. నక్కవాగు మంజీరలో కలియును. మంజీర నిజాంసాగరమున నిలిచి, కందకుర్తివద్ద మన జిల్లాలోనే గోదావరిలో కలియును. వాగు దారి అట్టిది గనుక రాజధాని మురికిని చూచి మనము ముక్కు మూసికొనుటలో అర్థము లేదు.

ఇప్పుడు 2025 నవంబరులో వచ్చిన రాష్ట్ర సర్కారు విధానమువలన రాజధానిలోని బాలానగర్, జీడిమెట్ల, కాటేదాన్ వంటి పాత పారిశ్రామికవాడలలో సుమారు 9,292 ఎకరములు నివాసములుగా, దుకాణములుగా మారు మార్గము తెరువబడినది. చెల్లింపవలసిన రుసుము ముందరి రహదారి వెడల్పునుబట్టి ప్రభుత్వ విలువలో 30 శాతమో, 50 శాతమో యగును. రోడ్డును టేపుతో కొలుచుట సులభము. అర్ధశతాబ్దము ఆమ్లము త్రాగిన నేల లోతునకు టేపు అందదు. ఆ నేలపై లేవబోవు పదునాలుగవ అంతస్తులో, పసుపును కొరికి కొనిన మన ఆర్మూరు పెద్దమనిషి త్రీ బీహెచ్‌కే బుక్ చేయును.

ఇట్టి వ్యాపారమున అమెరికావారు మనకు గురువులు. నయాగరా ఫాల్స్ పట్టణమున లవ్ కెనాల్ అను కాలువలో వేలాది టన్నుల రసాయనములు పూడ్చిన హుకర్ కంపెనీ, 1953లో ఆ స్థలమును పాఠశాలల మండలికి ఒక్క డాలరుకు ధారపోసినది. లోపల రసాయనములున్నవి, ఇకముందు మాకు బాధ్యత లేదు అని దస్తావేజులోనే వ్రాసినది. కొన్నవారు చదివియే బడి కట్టిరి. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబములను తరలింపవలసివచ్చెను; 1980లో సూపర్‌ఫండ్ చట్టము వచ్చెను. అప్పటినుండి అచ్చట కొనువాడు ముందు నేల చరిత్ర విచారించును, లేనిచో కడుగుడు కూలి తనమీద పడును. భయము భక్తికి మూలమని వారికి చట్టమే నేర్పినది.

మనకును 2025 జూలైలో కలుషిత స్థలముల నియమావళి వచ్చినది. జిల్లా యంత్రాంగము ఆరు నెలలకొకసారి అనుమానాస్పద స్థలముల పట్టిక పంపవలెను. తొలి పరీక్షకు 90 దినముల గడువు. పిమ్మట వివరమైన పరీక్ష. పిమ్మట బాధ్యుని అన్వేషణ. అంతలో ఇంటికి స్లాబు పడును, గృహప్రవేశపు పులిహోరయు అరుగును.

నిజమునకు తొలి పరీక్షకు పార కూడ అక్కరలేదు. పూర్వము అచ్చట ఏమి నడిచినదో అడుగుట, గడ్డి మొలవని మచ్చలను, నూనె మరకలను, పూడ్చిన ట్యాంకుల మూతలను చూచుట, ఇంతియే. అనుమానము తోచినచో బోరు వేసి మన్నును నీటిని పరీక్షకు పంపుట రెండవ మెట్టు. మొదటి మెట్టు పనిని ప్రతి ఊర చాయ్ హోటలు బల్లమీది ముసలాయన ఉచితముగనే చేసిపెట్టును: “ఆడ మందుల గోదాముండె బిడ్డా. వాన పడ్డదంటే ఎండ్రిన్ వాసన గుప్పున కొట్టేది.”

ఈ మాట మధ్యవర్తి చెవిన వేయగా అతడు ఇసుమంతయు చలింపలేదు. “పాత ముచ్చట్లెందుకు సార్! తూర్పు ఫేసింగు, నలభై ఫీట్ల రోడ్డు. మీ మనసుల అంత అనుమానముంటే గజానికి ఐదొందలు తగ్గిపిస్త.” ఐదువందలు తగ్గినవి, బయానా అందినది.