డానా 44: టీకా తాత్పర్య సహితం

మూలం:

44
41 – 11
3.73

అవతారిక. ఈ పద్యం తాటాకు మీద దొరకదు. పాత జీపు కిందికి వెల్లకిలా దూరి, గట్టిపడిన గ్రీజును స్క్రూడ్రైవరుతో గీకి, వైర్ బ్రష్‌తో తోమితే బయటపడుతుంది. మొదటి పాదం ఇరుసు హౌసింగ్ పోత మీద ఉబ్బెత్తుగా ఉంటుంది. తక్కిన రెండు పాదాలు వెనక మూత బోల్టు కింద బిగించిన చిన్న రేకు మీద ఉంటాయి. ఇవి చాలవన్నట్టు ఇరుసు గొట్టం మీద సుత్తి దెబ్బతో అచ్చుగుద్దిన ఇంకో పొడుగాటి నంబరు ఉంటుంది. ఏయే విడిభాగాలతో ఆ ఇరుసును కూర్చారో చెప్పే పట్టీ నంబరది. జీపు ప్రియులు దాన్ని బి.ఓ.ఎం. నంబరంటారు. తుప్పు ముందుగా తినేది కూడా దాన్నే.

కర్తృత్వ విషయంలో వివాదం లేదు. అమెరికాలో యూనివర్సల్ జాయింట్‌కు పేరుపడ్డ క్లారెన్స్ స్పైసర్ 1904లో పెట్టిన సంస్థలోకి 1914లో చార్లెస్ డానా వచ్చాడు. 1946లో సంస్థకు ఆయన పేరే స్థిరపడింది. అందుకే ఒకే ఇరుసును పాతవాళ్లు స్పైసర్ అంటారు, కొత్తవాళ్లు డానా అంటారు.

వ్యాఖ్యాతకు ఆదర్శం మాత్రం మనవాడే. మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన కోలాచల మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది పలకనని నియమం పెట్టుకుని కాళిదాసు కావ్యాలను వ్యాఖ్యానించాడు. పాత జీపు అమ్మజూపే బ్రోకరుకు ఈ రెండు నియమాల్లో ఒక్కటీ పట్టదు.

ప్రతిపదార్థం. 44 = డానా వారి వరుసలో ఒక జాతి పేరు; 41 = క్రౌన్ వీలు అనే పెద్ద పళ్ల చక్రానికున్న పళ్లు; 11 = దాన్ని తిప్పే చిన్న చక్రం పినియన్‌కున్న పళ్లు; 3.73 = మొదటిదాన్ని రెండోదానితో భాగించగా వచ్చినది. భావమేమంటే, ప్రొపెల్లర్ షాఫ్టు 3.73 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఈ అంకె పెరిగేకొద్దీ బండికి లాగే బలం పెరుగుతుంది, రోడ్డు మీద పరుగు తగ్గుతుంది.

పూర్వపక్షం. "44 అంటే లోపలి పళ్ల చక్రం కొలతే అయి ఉండాలి" అని ఒక వాదం. అంగుళాల్లో అంత చక్రం పెడితే జీపు కడుపు నేలకు రాసుకుంటుంది. అసలు క్రౌన్ వీలు వ్యాసం ఎనిమిదిన్నర అంగుళాలే. "అయితే షాఫ్టు చివర ఉండే స్ప్లైన్ల లెక్క కాబోలు" అని రెండో వాదం. అదీ నిలవదు. డానా 44 షాఫ్టుకు మామూలుగా ఉండేవి 30 స్ప్లైన్లు. 30 అనే పేరున్న తమ్ముడికి 27. ఇంత తికమక పెట్టే నామకరణం అష్టాదశ పురాణాల్లో వెతికినా దొరకదు.

సిద్ధాంతం. 44 రూఢిపదం, యౌగికం కాదు. విడగొట్టి అర్థం లాగకూడదు. యౌగికం కావాలంటే ఫోర్డ్ వారి 9 అంగుళాల ఇరుసును చూడాలి. అందులో క్రౌన్ వీలు నిజంగానే 9 అంగుళాలు. డానా వారికి కూడా చివరికి జ్ఞానోదయమైంది. 2018 మోడల్‌గా వచ్చిన జీప్ రాంగ్లర్‌కు ఎం186, ఎం200, ఎం210, ఎం220 అనే ఇరుసులు ఇచ్చారు. ఎం తర్వాతి అంకె క్రౌన్ వీలు వ్యాసం, మిల్లీమీటర్లలో. ఇంత శుభ్రంగా పేరు పెట్టాక కూడా జీప్ వారు ప్రకటనల్లో "డానా 44" అనడం మానలేదు. అలవాటైన నామానికి భక్తులెక్కువ.

పాఠాంతరాలు. 2007లో వచ్చిన రాంగ్లర్ రూబికాన్ వెనక ఇరుసు పేరు కూడా డానా 44. లోపలి చక్రం మాత్రం 226 మిల్లీమీటర్లు. పాత 44లో అది 216కు దగ్గర. పేరు నమ్మి పాతదాని పళ్ల సెట్టు తెప్పించుకుంటే డబ్బాలోంచి తీసి చూసుకోవడానికి తప్ప పనికిరాదు.

ఇంతకంటే సూక్ష్మమైన శాఖాభేదం ఒకటుంది. క్రౌన్ వీలును మోసే క్యారియర్ అన్ని నిష్పత్తులకూ ఒకటి కాదు. నిష్పత్తి పెరిగితే పినియన్ సన్నబడుతుంది, క్రౌన్ వీలు దానివైపు జరగాల్సి వస్తుంది. అందుకే ఒక హద్దు దాటాక క్యారియరే మారుతుంది. డానా 44లో 3.73 వరకు ఒక క్యారియర్, 3.92 నుంచి ఇంకొకటి. డానా 30లో 3.54 వరకు ఒకటి, 3.73 నుంచి మరొకటి. అంటే మన మూలంలోని 3.73 అన్నగారింట్లో హద్దుకు కింద ఉంటుంది, తమ్ముడింట్లో పైన ఉంటుంది. మూడో పాదాన్ని మొదటి పాదంతో కలిపి చదవకపోతే జరిగే అనర్థం ఇదే.

ప్రక్షిప్తాలు. పోత అంకె అబద్ధమాడదు, హౌసింగ్‌తో పాటే పుట్టింది కనుక. కానీ అది జాతి వరకే చెబుతుంది, నిష్పత్తి గురించి పలకదు. గొట్టం మీది నంబరు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు వరకు సత్యం. రేకు సంగతే అనుమానం. పెద్ద టైర్లు వేసుకుని 4.88 పళ్లు ఎక్కించినవాడు మూత బిగిస్తూ పాత 3.73 రేకునే మళ్లీ పెట్టేస్తాడు. వేరే బండి మూత తెచ్చి బిగిస్తే దాని రేకు కూడా వెంట వస్తుంది. కాబట్టి ప్రామాణ్యంలో పోతది మొదటి స్థానం, అచ్చుది రెండోది, రేకుది మూడోది. అమ్మేవాడి నోటిమాట అట్టడుగున.

ఉదాహరణ. రెండో ప్రపంచ యుద్ధపు విల్లీస్ ఎం.బి. జీపులో క్రౌన్ వీలుకు 39 పళ్లు, పినియన్‌కు 8. నిష్పత్తి 4.88. మహీంద్రా వారు 1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ జీపులు కూర్చడం మొదలుపెట్టారు. తర్వాత మన ఊళ్లలో తిరిగిన సీజే3బీ జాతి జీపుల్లో 43కు 8, అంటే 5.38. రెండింటిలోనూ ముందు ఇరుసు డానా 25 కుటుంబమే. మిలిటరీ వేలంలో దొరికిన ముందు ఇరుసు సీజే3బీ కింద చక్కగా కూర్చుంటుంది. బయటినుంచి చూస్తే దోషం కనిపించదు. వెనక చక్రాలతోనే నడిపినంత కాలం ఏళ్ల తరబడి తెలియదు కూడా. ఒకరోజు ఫోర్ వీల్ గేరు వేస్తారు. వెనక చక్రం 100 చుట్లు తిరిగేసరికి ముందు చక్రం 110 చుట్లు తిరుగుతానని పట్టుబడుతుంది. బురదలో టైరు జారి సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద సర్దుకోవడానికి చోటు లేదు. టైర్లు ఈడ్చుకుంటాయి, రెండు ఇరుసులకూ తిప్పుడు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుంటుంది, లివరు వెనక్కి రానంటుంది. అత్తాకోడళ్ల పోరు మధ్య మగవాడి పరిస్థితే పాపం ఆ ట్రాన్స్‌ఫర్ కేసుది.

తాత్పర్యం. శాసనం చదవండి, నిర్ణయం మాత్రం పళ్ల చేత చెప్పించండి. మూత విప్పి లెక్కపెట్టడం ప్రత్యక్ష ప్రమాణం. విప్పనివ్వకపోతే అనుమాన ప్రమాణం ఉంది. టైర్లకు రాళ్లు అడ్డంపెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదిలేయాలి. ఈ పాత జీపుల్లో అది ట్రాన్స్‌ఫర్ కేసు వెనకాల షాఫ్టునే పట్టుకుంటుంది, రాళ్లు మరవకూడనిది అందుకే. ఒక చక్రాన్ని జాకీతో లేపి, దానికీ ప్రొపెల్లర్ షాఫ్టుకూ చాక్‌పీసుతో గీతలు పెట్టాలి. రెండో చక్రం నేల మీదే ఉండాలి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పితే షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. అయిదుకు కొంచెం తక్కువైతే 4.88, అయిదుంబావు దాటితే 5.38. రెండు చుట్లెందుకంటే, ఒక చక్రం ఆగి ఉన్నప్పుడు డిఫరెన్షియల్ తిప్పుడును సగానికి పంచుతుంది. రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాకర్ బిగించిన ఇరుసుకు ఈ సూత్రం వర్తించదు. అప్పుడు రెండు చక్రాలూ లేపి ఒక్క చుట్టే తిప్పాలి.

పాత జీపు కొనబోయేవారు జాకీ, వైర్ బ్రష్, చాక్‌పీసు వెంట తీసుకెళ్లండి. ముందు ఇరుసు లెక్క, వెనక ఇరుసు లెక్క ఒకటేనని తేలేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.