రెండు లీటర్ల ఆత్మకథ

నన్ను మూడింట రెండొంతులే నింపాలి. సలసలా మరిగే నీళ్లు పోయకూడదు, దించి కాసేపు ఆగాలి. మూత బిగించే ముందు నన్ను నిలువుగా పట్టుకుని పొట్ట నొక్కి గాలి తీసెయ్యాలి. ఇవన్నీ నేనొచ్చిన అట్టపెట్టె మీద బొమ్మలతో సహా అచ్చేసి ఉండేవి. అత్త ఆ పెట్టెతోనే కుంపటి రాజేసింది.

నేను వేడినీళ్ల సంచిని. ఎర్ర రబ్బరు ఒళ్లు, ఒక వైపు గీతలు, ఇంకో వైపు నునుపు. మెడ కింద చిన్న పువ్వు ముద్ర ఉంది. రేకులు నెలల లెక్క, వాటి మీది చుక్కలు వారాల లెక్క, నడిమధ్య ఉన్న 19 నేను పుట్టిన సంవత్సరం. నాలాంటివాళ్లను రెండు మూడేళ్లకు మార్చెయ్యమంటారు. నా గడువు ఎప్పుడో దాటింది. మూత దగ్గర సన్నటి పగుళ్లు కూడా వచ్చాయి. పాత లుంగీ చింపి అత్త కుట్టిన తొడుగు వాటిని కప్పేస్తుంది కాబట్టి నా వయసు ఎవరికీ తెలియదు.

మా ఊరు ఇన్సేన్. యాంగోన్ నగరానికి ఉత్తరపు కొస. ఈ ఇంట్లో యాంగోన్ అని ఎవరూ అనరు. ముత్తాతల నాటి మాట రంగమే. ఇన్సేన్ అంటే పైవాళ్లకు జైలు గుర్తొస్తుంది, మా తాతకు మాత్రం రైలింజన్ల వర్క్‌షాపు. తాత తాత కాకినాడ పక్క నుంచి ఓడెక్కి వచ్చి ఈ రైళ్ల మీదే బతికాడట. కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్లందరినీ ఇక్కడ కోరంగీలనేవారు. 1942లో జపాను బాంబులకు కాలినడకన వెళ్లినవాళ్లు వెళ్లారు. 1964లో దుకాణాలు సర్కారువి అయ్యాక ఇంకొందరు వెళ్లి విశాఖలో బర్మా క్యాంపు అనే పేటలో దిగారు. తాత కుటుంబం కదల్లేదు. ‘ఎక్కడికెళ్తే మాత్రం ఇంజనుకి బొగ్గెయ్యక తప్పుద్దా’ అన్నాడట ఆయన తండ్రి.

అల్లుడు పిలిచే వరసలే నాకూ వరసలు. అల్లుడంటే తాత కూతురి కొడుకు. మావ అంటే తాత పెద్దకొడుకు, ఆయన భార్య అత్త. నన్ను 2020 మొదట్లో బజారు నుంచి తెచ్చింది మావ కోసం. ఇంటికి వచ్చిన మూడో రోజునే తెలిసింది, ఈ ఇంట్లో నేను కావలసిన కడుపులు రెండని.

ఇద్దరిదీ ఒకే జబ్బు. క్రానిక్ పాంక్రియాటైటిస్, అంటే ఏళ్ల తరబడి క్లోమం వాచి, గట్టిపడి, ఎండుకుపోవడం. క్లోమం జీర్ణరసాలు తయారుచేసే గ్రంథి, పొట్ట వెనకాల వెన్నుకు ఆనుకుని ఉంటుంది. అందుకే నొప్పి గుండె కింద మొదలై వీపులోకి దూసుకుపోతుంది. తిన్న కాసేపటికి ఎక్కువవుతుంది. వెల్లకిలా పడుకోలేరు. ముందుకు వంగి, మోకాళ్లు రొమ్ముకు ఆనించుకుని, మధ్యలో నన్ను ఇరికించుకుంటారు. రెండు మోకాళ్లకీ ఒక పొట్టకీ మధ్య నలిగే బతుకు నాది.

అల్లుడికి తొమ్మిదో ఏట మొదలైంది. నేను వచ్చేసరికి పద్నాలుగు. తాగుడు ఎరగడు, చుట్ట ఎరగడు. అయినా చుట్టాలు ఊరుకోరు కదా. ఈ జబ్బు పేరు వినగానే కళ్లు సీసా కోసం వెతుకుతాయి. ఓ పెళ్లిలో ఒకావిడ అల్లుడి నోరు వాసన చూసినంత పని చేసింది. ఆ రాత్రి వాడు నన్ను కావలించుకుని, “నానేటి తాగినాను సంచీ?” అని అడిగాడు. నాకు నోరుంటే చెప్పేదాన్ని. కేరళలో పి.జె. గీవర్గీస్ అనే డాక్టరు 1960లలోనే ఇలాంటి పిల్లలను వందల్లో చూశాడు. చిన్నతనంలో నొప్పి, ఎదిగే వయసులో షుగరు, నడి వయసుకే చావు అని ఆ జబ్బు నడకను ఆయన చెప్పాడు. అప్పుడు కర్రపెండలం మీద అనుమానం పడ్డారు. అది రుజువు కాలేదు. హైదరాబాద్ సీసీఎంబీలో గిరిరాజ్ చాందక్ బృందం 2002లో స్పింక్1 అనే జన్యువులో మార్పు ఇలాంటి రోగుల్లో ఎక్కువగా ఉందని చూపించింది. క్లోమం తన రసం తననే అరిగించుకోకుండా ఆపే కాపలా ఆ జన్యువు చేతిలో ఉంటుంది. కాపలావాడు కునుకు తీసేవాడైతే ఇల్లు ప్రమాదంలో ఉన్నట్టే. అలాగని ఆ మార్పు ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు, నిక్షేపంగా తిరిగేవాళ్లలోనూ కొందరికి ఉంటుంది.

మావ సంగతి వేరు. వర్క్‌షాపు నుంచి వస్తూ దారిలో ఆగేవాడు. చుట్ట చేతిలో లేనప్పుడు సిగరెట్టు, అదీ లేనప్పుడు కిళ్లీ. నలభై దాటాక నొప్పి పట్టుకుంది. ‘తాగినోడికి తగిన శాస్తి’ అన్నారు జనం. పిల్లవాడి నొప్పికి జాలి, పెద్దవాడి నొప్పికి తీర్పు. నా దగ్గరకొచ్చేసరికి రెండూ ఒకే ఉడుకు నీళ్లు.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను, ఇది నాకు తప్ప ఎవరికీ ఇంత బాగా తెలియదు. ఇద్దరి స్కాన్ ఫిల్ములూ ఒకే గుడ్డసంచిలో గోడ మేకుకు వేలాడేవి. అల్లుడి ఫిల్ములో క్లోమం నిండా తెల్లటి రాళ్లు, బియ్యంలో మట్టిబెడ్డల్లా. మావ ఫిల్ములో రెండే రెండు నలుసులు, డాక్టరు వేలు పెట్టి చూపిస్తే గానీ కనపడవు. చూసినవాళ్లు ఎవరైనా పాపం కుర్రాడు అంటారు. నా లెక్క మాత్రం తిరగబడి ఉండేది. అల్లుడికి నొప్పి ఉప్పెనలా వచ్చి వారం ఊపేసేది, ఆ తర్వాత రెండు నెలలు వాడు నా వైపు చూసేవాడే కాదు. మావ నన్ను రోజుకు ఆరుసార్లు నింపించేవాడు. పండగ లేదు, పబ్బం లేదు. ఆరు. సన్నగా, తెరిపి లేకుండా, కుళాయి కారినట్టు.

అమెరికాలో 2000 నుంచి నాప్స్2 అనే పేరుతో చాలా ఆసుపత్రులు కలిసి ఇలాంటి రోగులను వరసగా రాసుకుంటూ వచ్చాయి. వాళ్లూ నా లెక్కకే వచ్చారు. ఫిల్ములో కనిపించే రాళ్లు, నాళం వెడల్పు చూసి మనిషికి ఎంత నొప్పో చెప్పలేమన్నారు. ఇంకో మాట కూడా అన్నారు, అది నాకు మరీ నచ్చింది. ఎంత గట్టిగా నొప్పి పుడుతుందన్న దాని కంటే, తెరిపి ఇస్తుందా లేదా అన్నదే మనిషిని ఎక్కువగా కూలదోస్తుందట. మధ్యమధ్య వచ్చిపోయే తీవ్రమైన నొప్పి ఉన్నవాడు మళ్లీ పనిలోకి వెళ్తాడు. ఓ మోస్తరుదే అయినా ఎడతెగని నొప్పి ఉన్నవాడు మంచం పక్కనే ఉండిపోతాడు. అల్లుడు బడి మానలేదు. మావ వర్క్‌షాపు మానేశాడు.

తాగుడు మావ మానేశాడు, అదీ చెప్పాలి. రెండో ఏడే మానేశాడు, ఒట్టేసి, ఒట్టు నిలబెట్టుకుని. అయినా నా ఆరు ఆరుగానే ఉండిపోయింది. అత్త దేవుణ్ని తిట్టింది. ఆవిడ చూడంది ఒకటుంది, నాకు మాత్రం ప్రతి పూటా తెలిసేది. నన్ను పొట్టకు అదుముకున్న చేతి వేళ్ల సందునే చుట్ట కాలుతుండేది. ఒకసారి నిప్పురవ్వ నా తొడుగు మీద పడి చిన్న కన్నం కూడా చేసింది. “సారా మానేసినాను కదేటే, పొగేటి సేస్తాది?” అనేవాడు అత్తతో. ఈ జబ్బులో అందరూ మద్యాన్ని తిట్టి పొగాకును వదిలేస్తారు. పొగ మద్యానికి తోక కాదు, తన పాటికి తాను క్లోమాన్ని తినే శత్రువు. ఎంత ఎక్కువ కాలిస్తే అంత ఎక్కువ హాని. తాగుడు మాని చుట్ట మానకపోతే, ఇంటి ముందు తలుపు గడియ పెట్టి పెరటి తలుపు తెరిచి పడుకున్నట్టు.

మావను ఓ డాక్టరు చూసిన రోజు నాకు బాగా గుర్తు. చొక్కా పైకెత్తగానే ఆయన చెయ్యి ఆగిపోయింది. పొట్ట మీద వల పరిచినట్టు గోధుమ రంగు గీతలు, గళ్లు గళ్లుగా. వీపు మీదా అంతే. “ఎన్నేళ్ల నుంచి కాపడం పెడుతున్నారు?” అన్నాడు ఫిల్ము చూడకుండానే. ఆ గళ్లు నేను వేసినవి. రోజూ వేడి తగిలిన చర్మం అలా మాడుతుంది. ఏ కాగితం మీదా లేని మావ నొప్పి చరిత్ర ఆయన పొట్ట మీద నా చేతిరాతలో ఉంది.

నేను చేసిన పాపం ఒకటి అంతకంటే పెద్దది. నొప్పి మాత్రల మోతాదు పెంచుకుంటూ పోయాడు మావ. మొదట ఒకటి పనిచేసింది, తర్వాత రెండు, తర్వాత మూడు కూడా చాలేవి కావు. నల్లమందు జాతి మందులు ఎక్కువ కాలం వాడితే కొందరిలో అవే నొప్పిని పెంచుతాయి, పేగుల నడక కూడా మందగిస్తుంది. ఒక రాత్రి ఆ మత్తులో తొడుగు లేకుండానే నన్ను పొట్ట మీద పెట్టుకుని నిద్రపోయాడు. నేను కాలుతూనే ఉన్నాను, ఆయన లేవలేదు. తెల్లారేసరికి అరచెయ్యంత బొబ్బ. అప్పుడే ఎవరో చుట్టాలు కరెంటుతో వేడెక్కే బెల్టు పంపారు. మూడు రోజులు నాకు విశ్రాంతి దొరికింది. తర్వాత 2021 వచ్చింది, కరెంటు కోతలు గంటల లెక్కన పెరిగాయి. బెల్టు అటక ఎక్కింది, నేను మళ్లీ కుంపటి పక్కకి వచ్చాను.

నిద్ర లేని రాత్రులు, పోయిన ఉద్యోగం, తింటే నొప్పొస్తుందని తినకపోవడం, తినక చిక్కిపోవడం, రేపటి మీద బెంగ. ఇవి నొప్పి వెంట వస్తాయనుకునేదాన్ని. నొప్పిని పెంచేవి కూడా అవేనని తర్వాత తెలిసింది. క్లోమంలోని నరాలు వాచి మందమవుతాయి. ఏళ్ల తరబడి అక్కడి నుంచి కబుర్లు వెళ్లీ వెళ్లీ వెన్నుపాము, మెదడు కూడా నొప్పికి అలవాటు పడిపోతాయి. ఆ పైన కింద ఏమీ లేకపోయినా పైన మోగుతూనే ఉంటుంది. ఇది తాతకు చెప్పక్కర్లేదు. ముప్పై ఏళ్లు వర్క్‌షాపులో రేకు మీద సుత్తి చప్పుడు విన్న మనిషి ఆయన. వర్క్‌షాపు సెలవున్న రోజున కూడా, “ఎవుడ్రా అది, కొడతన్నాడు?” అనేవాడు.

2023లో అల్లుణ్ని హైదరాబాద్ తీసుకెళ్లారు, బ్యాంకాక్ మీదుగా. నేను సూట్‌కేసులో మడత పడి ఉన్నాను. బయటి నుంచి షాక్ తరంగాలు పంపి క్లోమంలోని రాళ్లను పొడి చేసే పద్ధతి ఉంది. పెద్ద నాళంలో 5 మిల్లీమీటర్లు దాటిన రాయిని 3 మిల్లీమీటర్ల లోపు ముక్కలు చేసి, ఆ తర్వాత ఎండోస్కోపీతో నాళం కడిగేస్తారు. డాక్టర్ నాగేశ్వరరెడ్డి గారి ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వాళ్లు ఈ పని వేలమందికి చేశారు. రాళ్లు పోయాక నొప్పి తిరగబెట్టకుండా యాంటీ ఆక్సిడెంట్లతో పాటు నరాల నొప్పికి వాడే ప్రిగాబలిన్ కలిపి ఇచ్చి చూసిన పరీక్ష కూడా అక్కడిదే, ఫలితం బాగానే వచ్చింది. రాళ్లు తీసేవాళ్లే నరాల మందు కూడా ఇచ్చారంటే నొప్పంతా రాళ్లలో లేదని వాళ్లకూ తెలుసన్నమాట.

ఆ యాంటీ ఆక్సిడెంట్ల కథ ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. ఢిల్లీ ఎయిమ్స్‌లో 127 మందికి ఇచ్చి చూస్తే నొప్పి తగ్గిందని 2009లో రాశారు. మాంచెస్టర్‌లో 70 మందికి ఇచ్చి చూస్తే ఏమీ తేడా లేదని 2012లో రాశారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఢిల్లీవాళ్లలో ఎక్కువమంది కారణం తెలియకుండా జబ్బు పడిన కుర్రవాళ్లు, మాంచెస్టర్ వాళ్లలో ఎక్కువమంది తాగుడు వల్ల పడ్డవాళ్లు. అల్లుడిది ఢిల్లీ కడుపు, మావది మాంచెస్టర్ కడుపు. ఒకే ఇంట్లో, ఒకే సంచి కింద.

ఎదురింటి చర్చి పిన్ని నన్ను మధ్యమధ్య అరువు తీసుకునేది. ఆవిడదీ ఇదే జబ్బు. ఒక రోజు ఉతికిన తొడుగుతో నన్ను వాపసు తెచ్చి, నొప్పి పోయిందని సంబరపడింది. క్లోమం పూర్తిగా కాలి బూడిదైతే నొప్పి ఆరిపోతుందని స్విట్జర్లాండ్‌లో అమ్మన్ అనే డాక్టరు 1984లో రాశాడు. అందరికీ అలా జరగదని తర్వాతివాళ్లు చూపించారు. పిన్నికి జరిగింది. ఆ సంవత్సరమే షుగరు వచ్చింది, ఇప్పుడు ఇన్సులిన్ పొడుచుకుంటోంది. దాన్ని నయం కావడం అనాలా, నాకు తెలియదు.

అల్లుడు హైదరాబాద్ నుంచి వచ్చాక నన్ను తీసింది నాలుగుసార్లే. మావను అంత దూరం తీసుకెళ్లే డబ్బు లేదు, ఉన్నా పొడి చెయ్యడానికి ఆయన దగ్గర రాయీ లేదు. కిందటి సంవత్సరం తాత చుట్టలు మానేశాడు, దగ్గు వల్ల. ఇంట్లో పొగ వాసన లేకపోయేసరికి మావకు కాల్చుకోవడం సిగ్గనిపించింది. మొదట పెరట్లోకి వెళ్లాడు, తర్వాత వెళ్లడం మానేశాడు. డాక్టరు మాత్రలు కొంచెం కొంచెంగా తగ్గించి వేరే మందు మొదలుపెట్టాడు, అన్నంతో పాటు మింగమని ఎంజైములు ఇచ్చాడు. ఒక్కసారిగా ఏమీ మారలేదు. ఆరు అయిదైంది. చాలా నెలలు అయిదులోనే ఉంది. తర్వాత మూడు.

నిన్న నన్ను రెండుసార్లు నింపారు. ఈ రోజు ఇంకా నింపలేదు, కరెంటు ఉంది, మావ బెల్టు కోసం అటక వెతుకుతున్నాడు.