‘పీకించెయ్’ బాబాయి గారికి బహిరంగ లేఖ

మా కాలనీ చివరింటి బాబాయి గారికి,

ఈ ఉత్తరం మీ ఇంటికొచ్చి చేతికే ఇవ్వచ్చు. కానీ సగం చదివేలోపే ఉత్తరం ఎలా రాయాలో నాకు సలహా చెబుతారు. అందుకని నలుగురి ముందూ పెడుతున్నాను. మీలాంటి బాబాయి వీధికొకరు ఉంటారు కాబట్టి వాళ్ళకీ చేరుతుంది.

పోయిన ఆషాఢంలో నా కింది దవడపన్ను సలపడం మొదలెట్టింది. మొదట్లో చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనేది. తర్వాత వేడి కాఫీకీ అంతే. ఆ పైన ఏమీ తాగకపోయినా సరే, పడుకుంటే చాలు, అందుకునేది. లేచి కూర్చుంటే కాస్త నయం. అలా చెంప పట్టుకుని గుమ్మంలో కూర్చున్నప్పుడే మీ కంట్లో పడ్డాను. “అమ్మాయ్, దూదిని లవంగం నూనెలో ముంచి పెట్టు” అన్నారు. మర్నాడు జామాకులు కోసుకొచ్చి నమలమన్నారు. మూడోనాడు, డాక్టరమ్మ రూట్ కెనాల్ చెయ్యాలందని చెబితే మీకు కోపమొచ్చింది. “వేలకు వేలు పోసి నరం తీయించుకుంటావా? రెండొందలు పారేసి పీకించెయ్, పీడా పోతుంది.” అంతలోనే ఇంకోటి గుర్తొచ్చింది మీకు. “పైపన్ను మాత్రం పీకించకు, కంటిచూపు పోతుంది.” నాది కింది పన్ను మహాప్రభో అన్నా వింటేగా!

లవంగం విషయంలో మీకు మార్కులు వేస్తాను. అందులో ఉండే యూజెనాల్‌ని డాక్టర్లూ వాడతారు, జింక్ ఆక్సైడ్‌తో కలిపి పంటిని తాత్కాలికంగా పూడ్చడానికి. కాకపోతే అది నొప్పిని జోకొడుతుంది, పుచ్చుని బాగుచెయ్యదు. చూపు సంగతి మాత్రం సున్నా. పంటి నరం వేరు, చూపు నరం వేరు. 

ఐదోరోజుకి నొప్పి దానంతటదే పోయింది. జామాకు మహిమ అని మీరు కాలనీ అంతా చాటారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ నమ్మాను. డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేశాను. సరిగ్గా రెండు వారాలకి నా చెంప బూరెలా పొంగింది.

పరుగున వెళితే ఆ డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించి చెప్పింది. పంటి నడుమ మెత్తటి గుజ్జు ఉంటుంది, నరాలూ రక్తనాళాలూ అన్నీ అందులోనే. పుచ్చు అక్కడిదాకా దిగితే గుజ్జు వాస్తుంది. చుట్టూ రాయిలాంటి పన్ను, వాయడానికి చోటెక్కడ? అందుకే అంత బాధ. చివరికి ఆ గుజ్జు చచ్చిపోతుంది. నొప్పి తగ్గిందని మనం సంబరపడే రోజు అదే. నొప్పెడుతోందని చెప్పడానికి లోపల ఎవరూ మిగలరు, చీము మాత్రం వేరు కొస నుంచి ఎముకలోకి దిగుతూనే ఉంటుంది.

మీరు భయపెట్టినంత భయంకరం కాదు బాబాయి గారూ ఆ వైద్యం. మత్తుసూది గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టు, అంతే. పంటి చుట్టూ రబ్బరు తెర బిగించి, వెంట్రుకంత సన్నని ఫైళ్ళతో లోపలి కుళ్ళంతా గోకి తీశారు. నా పంటికి రెండు వేళ్ళు, మూడు కాలువలట. బట్టలు తెల్లబడటానికి వాడే బ్లీచు జాతి మందుతోనే ఆ కాలువలు కడిగి, గట్టాపర్చాతో పూడ్చారు. అది మలయా వైపు పెరిగే ఒక చెట్టు పాల నుంచి వచ్చే, రబ్బరులాంటి పదార్థం. మూడు సిట్టింగులు, పైన క్యాప్. మొన్న సంక్రాంతికి ఆ పంటితోనే జంతికలు నమిలాను. మీరు చూశారు కూడా.

నా పంటితో పోయేదైతే ఈ ఉత్తరం రాయకపోదును. మా చెల్లెలి కొడుకు సంగతి ఉంది.

ఇంజనీరింగ్ అయ్యాక ఉద్యోగం వెతుక్కుంటూ మా ఇంట్లో ఉండేవాడు కదా. నిద్రలేదు, తిండిలేదు, మూడేసి రోజులు స్నానం లేదు. పిలిస్తే గోడకేసి తిరిగి పడుకునేవాడు. సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్తే డిప్రెషన్ అని మాత్రలు రాశారు, వారం వారం కౌన్సెలింగ్‌కి రమ్మన్నారు. అది మీ చెవిన పడింది. “కుర్రాడికేం పిచ్చా, ఎర్రగడ్డ దారి పట్టించారు? ఆ మాత్రలు ఒకసారి అలవాటైతే మానలేరు. ఓ సంబంధం చూసి పెళ్ళి చేసెయ్యండి, కుదురుకుంటాడు.” ఇవి మీరు మా హాల్లో, వాడికి వినబడేలా అన్న మాటలు.

ఆ మందులు పట్టాలంటే వారాలు పడుతుంది. పట్టాక కూడా కనీసం ఆర్నెల్లు వాడాలంటారు. వాడికి ఆరోవారంలో కాస్త నిద్ర పట్టింది, ముఖాన నవ్వొచ్చింది. “చూశావా, బాగానే ఉన్నావు, ఇంకా ఆ విషం ఎందుకురా” అన్నారు మీరు. వాడు ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఆపేశాడు. నెల తిరక్కుండా మళ్ళీ గోడవైపుకే తిరిగాడు. ఈసారి చెంప వాచలేదు కాబట్టి మాకు తెలియడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. నేను మిమ్మల్ని క్షమించనిది ఇది ఒక్కటే.

పోనీ, మీ సిద్ధాంతానికి చరిత్రలో తోడు లేకపోలేదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, ట్రెంటన్ ఊళ్ళో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఒకటుంది. 1907లో హెన్రీ కాటన్ అనే డాక్టరు దానికి అధిపతి అయ్యాడు. పిచ్చికి మూలం ఒంట్లో ఎక్కడో దాగిన చీము అని ఆయన నమ్మకం. దొరికిన మొదటి అనుమానితులు పళ్ళు. రోగుల పళ్ళు వేల సంఖ్యలో పీకించాడు. అప్పటికీ మనసు కుదుటపడకపోతే టాన్సిల్స్, ఆ తర్వాత పెద్దపేగు. పేగు కోయించుకున్నవాళ్ళలో ఎందరో ప్రాణాలే పోగొట్టుకున్నారు. నూటికి ఎనభై మందికి పైగా నయం చేశానని ఆయన చెప్పుకునేవాడు. 1920ల నడుమ ఫిలిస్ గ్రీనేకర్ అనే డాక్టరమ్మ వెళ్ళి లెక్కలు తిరగేస్తే ఆ నయాలు నిలవలేదు. ఆమెను పంపిన ప్రొఫెసర్ అడాల్ఫ్ మేయరే ఆ నివేదికను బయటికి రానివ్వలేదు. కాటన్ సొంత కొడుకుల పళ్ళు కూడా పీకించాడు. అంటే మోసగాడు కాదు, నిజంగా నమ్మాడు. మీరూ మోసగాళ్ళు కారు. నమ్మి చెప్పేవాడితోనే చిక్కు, ఎవరూ ఎదురు చెప్పరు.

మీ మాటలో న్యాయం ఉన్నచోట ఒప్పుకుంటాను. క్యాప్ ఖరీదు నిజంగానే బరువు. అన్ని రూట్ కెనాల్సూ నిలవవు, కొన్ని మళ్ళీ చెయ్యాల్సొస్తుంది, కొన్ని పళ్ళు పీకక తప్పదు. కౌన్సెలర్లూ అందరూ అందరికీ కుదరరు, మావాడికి రెండో మనిషి గాని నప్పలేదు. మనసు జబ్బుకీ ఒంటి జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం అంటున్నా, ఆ డబ్బు చేతికొచ్చేసరికి చెప్పులరుగుతాయి. డబ్బులేని వాళ్ళకి 14416 ఉంది, టెలీ మానస్. 2022లో మొదలైంది, ఫోన్ చేస్తే ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడచ్చు. ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు. సలహా ఇవ్వకుండా ఉండలేనంటే ఆ నంబరు ఇవ్వండి.

కౌన్సెలింగ్‌లో ఏం చేస్తార్రా అని ఒకసారి మావాణ్ణి అడిగాను. “ఇన్ని వారాల్లో ఒక్క సలహా ఇవ్వలేదు పెద్దమ్మా. అడుగుతాడు, వింటాడు” అన్నాడు. మీరు గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను.

మళ్ళీ మందులు వాడి ఇప్పుడు వాడు తేరుకున్నాడు. మాత్రలు డాక్టరు చెప్పినట్టే తగ్గిస్తున్నారు. ఈ ఆదివారం వస్తున్నాడు. మీరూ కాఫీకి రండి, పెళ్ళి ఊసు మాత్రం ఎత్తకండి.

ఇంకొక్క మాట. ఎనభై ఏళ్ళొచ్చినా అనకాపల్లి చెరుకు పళ్ళతో చీలుస్తానంటారు. మా ఇంట్లో జంతికలు పెట్టినప్పుడు చూశాను, మీరు ఎడమవైపు నమలడం లేదు. కాఫీ కూడా చల్లార్చుకుని తాగారు. పిన్నిగారిని అడిగితే రాత్రుళ్ళు లేచి కూర్చుంటున్నారని చెప్పింది. శనివారం పొద్దున పదకొండింటికి మా డాక్టరమ్మ దగ్గర మీ పేరు రాయించాను. ఆటో నేనే తెస్తాను, సిద్ధంగా ఉండండి.

ఇట్లు,
మీ పక్కవీధి అమ్మాయి