ముందొచ్చిన చెవులు, ఎగిరొచ్చిన తూటాలు

గుంటూరు నుంచి వచ్చిన మూడో రోజు, శనివారం పొద్దున్నే మా నాన్న పెరట్లో కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుని అడిగాడు: "ఏరా, దగ్గర్లో ఎవరింట్లోనైనా పెళ్లా? ఇందాకట్నుంచీ టపాకాయలు ఆపట్లేదు."

పెళ్లి కాదు నాన్నా, ఆ చెట్ల అవతల తుపాకుల రేంజి ఉంది, వారాంతాల్లో సరదాగా కాల్చుకుంటారు అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఎటు కాలుస్తారు?"

ఈ ఇల్లు కొనేముందు స్కూల్ రేటింగు చూశాను. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) కాగితాలు కామాలతో సహా చదివాను. ఆ రెండు ముక్కల ప్రశ్న మాత్రం నాకు తట్టలేదు. డాలస్‌కి ఉత్తరాన మొన్నటిదాకా పశువులు మేసిన బీళ్లలో ఇళ్లు కొంటున్న మనవాళ్లలో ఎవరికీ తట్టినట్టు లేదు. తూర్పు ముఖం కోసం అదనంగా డబ్బు పోస్తాం. ఈశాన్యం పెరిగిందో లేదో టేపు పెట్టి కొలుస్తాం. ఈశాన్యం నుంచి ఏమొస్తుందో అడగం.

మాకు రెండిళ్ల అవతల కంచెకి ఒక చిల్లు ఉంది. దేవదారు పలకలో, చిటికెన వేలు పట్టేంత. రేంజి వైపు గుండ్రంగా, నున్నగా ఉంది. ఇంటి వైపు పేళ్లు లేచి పువ్వులా విచ్చుకుంది. ఆ ఇంటాయన పోలీసుల్ని పిలిస్తే వాళ్లు వచ్చి, ఫొటో తీసుకుని, ఎవరు కాల్చారో తేల్చడం కష్టమని చెప్పి వెళ్లారు. ఆ తర్వాత హెచ్‌ఓఏ నుంచి ఉత్తరం వచ్చింది, దెబ్బతిన్న పలక మార్చమని. ఎంత కాదన్నా పట్టించుకున్నది వాళ్లొక్కరే.

నేనూ ఊరుకోలేక చట్టం తిరగేశాను. టెక్సస్ చట్టానికి తూటాలంటే ఎంత నమ్మకమో! నగరం చుట్టూ ఉన్న శివార్లలో గానీ, 1981 సెప్టెంబరు 1 తర్వాత ఊళ్లో కలిపిన భూముల్లో గానీ, 50 ఎకరాలుండి, పక్కవాడి ఇంటికి 300 అడుగుల కన్నా ఎడంగా నిలబడి రైఫిల్ పేలిస్తే నగరపాలక సంస్థ అడ్డు చెప్పడానికి వీల్లేదు. షాట్‌గన్ అయితే 10 ఎకరాలు, 150 అడుగులు చాలు. 300 అడుగులంటే ఒక అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం పొడవు. తుపాకుల్లో పసిపిల్లలాంటి .22 తూటాల పెట్టె మీదే, ఇది మైలున్నర దూరం దాకా ప్రమాదకరం సుమా అని అచ్చేసి ఉంటుంది. 50 ఎకరాల చదరపు చేను ఒక పక్క 1,476 అడుగులు. మైలున్నర అంటే 7,920. చట్టం చూపిన పొలం లాంటివి అయిదు దాటి ఆరో పొలంలో ఎవరింటి దొడ్లోనో ఆగే వీలున్న వస్తువుకి చట్టం గీసిన లక్ష్మణరేఖ 300 అడుగులు!

అయ్యో, తూటా హద్దు దాటకూడదని చట్టంలో లేకపోలేదు. హద్దు దాటుతుందని సహేతుకంగా ఊహించలేని రీతిలో కాల్చాలట. దాటిన ప్రతి తూటా వెనకా ఊహించని పెద్దమనిషి ఒకడు ఎలాగూ ఉంటాడు.

చప్పుడు సంగతి ఇంకా బావుంటుంది. చప్పుడు మీద ఊళ్లో నిబంధన ఉండి రేంజి దాన్ని పాటిస్తుంటే అధికారులు జరిమానా అడక్కూడదు. సబబే. అసలు నిబంధనే లేకపోతే? అప్పుడూ అడక్కూడదు. చెరువే లేని ఊళ్లో గట్టు తెగిందని ఫిర్యాదేమిటి! పోనీ కోర్టుకెళ్లి దావా వేద్దామంటే, వేసిన 90 రోజుల్లోగా నిపుణుడి నివేదిక అవతలిపక్షానికి అందించాలి. గోడలో ఇరుక్కున్న సీసం ముక్క తనంతట తాను సాక్ష్యం చెప్పలేదు కాబోలు.

పెద్ద కౌంటీల్లో బయలు రేంజి కట్టాలంటే ప్రమాణం ఉంది. ఆ ప్రమాణం నేషనల్ రైఫిల్ అసోసియేషన్ వారి పుస్తకం. పెళ్లికొడుకు తరఫువాళ్లే కట్నం లెక్క రాసుకున్నట్టు. అయితే నిజం చెప్పాలి, రేంజిలు కట్టడం తెలిసినవాళ్ల దగ్గర మంచి సూత్రమొకటుంది: కాల్చేవాడు తన చోట నిలబడి చూస్తే నీలాకాశం కనిపించకూడదు. ఎదర ఎత్తయిన మట్టికట్ట, తల పైన అడ్డపలకలు, రెండు పక్కలా గోడలు. గొట్టం కాస్త పైకి లేచినా తూటా వాటిల్లోనే దిగాలి. మా రేంజికి ఎదర మట్టికట్ట ఉంది. దాని మీద గడ్డి మొలిచింది. ఆ పైన టెక్సస్ ఆకాశం, ఎంత విశాలమో!

ఒకసారి అక్కడికి వెళ్లి మర్యాదగానే అడిగాను. యజమాని మంచివాడు, చల్లని నీళ్ల సీసా ఇచ్చాడు. "మేం ముందొచ్చాం. మీ ఇల్లు తర్వాత వచ్చింది. చూసుకుని కొనుక్కోవాల్సింది" అన్నాడు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అనే సామెత ఇంగ్లీషులో చెప్పడం నా వల్ల కాలేదు. చెవుల సంగతి కూడా అందులోనే ఉందని చెప్పడం అసలే కాలేదు. ఆయన చెవులకి మఫ్‌లు ఉన్నాయి.

ఈ ముందు-వెనకల తగువు ఒకచోట కోర్టుకెక్కింది. వాషింగ్టన్ రాష్ట్రంలో బ్రెమర్టన్ దగ్గరి రైఫిల్ క్లబ్బు 1926 నాటిది. కిట్సాప్ కౌంటీ దాని మీద దావా వేసింది. 2014లో అప్పీలు కోర్టు చెప్పిందాని సారం ఇది: పాతకాపుగా అక్కడ ఉండే హక్కు మీకుంది, కానీ భద్రత లేకుండా కాల్చడం, ఆ మోత ప్రజలకు పీడే. తాతల నాటి పట్టా ఉన్నంత మాత్రాన తూటాకి పక్కవాళ్ల ఇంటిదాకా దారిహక్కు రాదన్నమాట. ఇది తెలుసుకోవడానికి అమెరికాలో ఒక అప్పీలు కోర్టు కావలసి వచ్చింది. మా నాన్నకి ఒక కాఫీ సరిపోయింది.

ఆ తర్వాతి శనివారం లేచి చూస్తే పెరట్లో ఆయన కుర్చీ పాత చోట లేదు. గ్రిల్ కోసం కట్టించిన ఇటుక గోడ వెనక ఇరుకులో వేసుకుని పేపరు చదువుతున్నాడు.

"అక్కడేం కూర్చున్నావు నాన్నా?"

"ఇక్కడ ఎండ కూడా రాదురా" అన్నాడు పేజీ తిప్పుతూ.