మండప యాత్రా నోటీసు: టీకా తాత్పర్య సహితం

అవతారిక

పాతబస్తీలో, చార్మినార్‌కు నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక డిగ్రీ కళాశాలలో జువాలజీ విభాగం నోటీసు బోర్డుకు నాలుగు గుండుసూదులతో గుచ్చిన కాగితం ఈ గ్రంథం. కర్త విభాగాధిపతి. ఛందస్సు ఆఫీసు వచనం. రసం మొదట అద్భుతం, రుసుము దగ్గర కరుణ. మెతుకుసీమ కోలాచలం వాడైన మల్లినాథ సూరి మూలంలో లేనిది రాయనని కట్టుబడి కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు. ఆయన ముందున్నది మేఘసందేశం. నోటీసులో ఉన్నదాని కంటే లేనిదే ఎక్కువ గనుక ఆ నియమం మాకు చెల్లదు.

మూలం

"జువాలజీ విద్యార్థినీ విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా, ఉష్ణమండల సముద్ర జీవశాస్త్ర క్షేత్ర పర్యటన విదేశీ విశ్వవిద్యాలయాల స్థాయిలో మండపం నందు నిర్వహించబడును. ఆసక్తి గలవారు తల్లిదండ్రుల అంగీకార పత్రముతో రుసుము రూ. ........ చెల్లించవలెను. ఈత రానవసరం లేదు. నమూనాలు సేకరించరాదు. సేకరించిన నమూనాల రికార్డుకు 20 మార్కులు."

ప్రతిపదార్థం

ఏమనగా = దీనికి అర్థం లేదు. అయినా ఇది లేని నోటీసును నోటీసుగా ఎవరూ ఒప్పుకోరు.

ఉష్ణమండల = కర్కాటక, మకర రేఖల నడుమనున్న. హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, తమిళనాడు తీరపు ఊరు మండపం 9 డిగ్రీల మీద. ఉష్ణమండలం నుంచి ఉష్ణమండలానికే ప్రయాణం గనుక స్వెట్టర్ అక్కరలేదని భావం.

రూ. ........ = ఎనిమిది చుక్కలు. ఎన్ని పేర్లు వస్తాయో తెలిశాకే బస్సా రైలా అన్నది తేలుతుంది, అది తేలాకే రుసుము తేలుతుంది, రుసుము తేలితేనే పేర్లు వస్తాయి. తార్కికులు దీన్ని అన్యోన్యాశ్రయ దోషం అంటారు. గుమాస్తా "రేపు రండి" అంటాడు.

విదేశీ విశ్వవిద్యాలయాల స్థాయిలో = ఇక్కడ వ్యాఖ్యాతలు రెండు వర్గాలు. అమెరికా కాలేజీల పిల్లలు చలికాలపు సెలవుల్లో బెలీజ్‌కో బహామాస్‌కో పోయి, పగడపు దిబ్బల మీద చేపలు లెక్కపెట్టి, క్రెడిట్లు మూటగట్టుకుని వస్తారు. మనమూ అంతే అని చెప్పడం కర్త ఉద్దేశమని మొదటి వర్గం. నయాపూల్ దాటితే పాతబస్తీ వాళ్లకు అంతా విదేశమే, ఇందులో గొప్ప ఏముందని రెండో వర్గం.

రెండూ పొరపాటే. మండపం నిజంగానే ఒకప్పుడు విదేశానికి వాకిలి. మద్రాసు ఎగ్మోరులో బోట్ మెయిల్ ఎక్కి ధనుష్కోడి దాకా పోతే అక్కడ స్టీమరు, ఆవల ఒడ్డున తలైమన్నారులో కొలంబో రైలు. సిలోన్ తోటల పనికి పోయే కూలీలను ఆపి, రోగాలు లేవని చూసి పడవ ఎక్కించిన శిబిరం మండపంలోనే ఉండేది. ఊరికి మండపం క్యాంపు అన్న పేరు అలా అంటుకుంది. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోడి పోయింది, దానితో ఆ దారీ పోయింది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ముఖ్య కార్యాలయం కూడా ఒకప్పుడు ఈ మండపంలోనే ఉండేది. 1971లో అది కొచ్చికి తరలిపోయినా ఇక్కడి కేంద్రం మిగిలింది. ఈ సంగతి కర్తకు తెలిసి రాశాడా అంటే సందేహమే. గొప్ప వాక్యాలకు కర్త ఎరగని అర్థాలు కూడా ఉంటాయి.

పూర్వపక్షం

ఇంట్లో పెద్దవాళ్లు మూడు ఆక్షేపణలు తెస్తారు. లాల్‌దర్వాజా నానమ్మ: "సముద్రం దాంక ఎందుకు బిడ్డా, మీరాలం చెరువు లేదా?" షాలిబండ అమ్మీ: "ఆడపిల్ల పొద్దు పొడవకముందే నీళ్లల్ల దిగి ఏం చూస్తది?" ముత్యాల దుకాణం పెట్టుకున్న చిన్నాయన: "సముద్రంల ఉండేటియన్నీ పత్తర్‌గట్టికే వస్తయి, ఇక్కడ్నే చూపిస్తా."

సమాధానం

చిన్నాయన సంగతి ముందు తేల్చాలి. ఆయన గల్లాపెట్టెలోని ముత్యాల్లో చాలామటుకు చైనా మంచినీటి ఆల్చిప్పలవి, సముద్రం మొహం చూడనివి. ఉంగరాల్లో పొదిగే ఎర్ర పగడం మధ్యధరా సముద్రపు జాతి. మండపం దగ్గరి మన్నారు సింధుశాఖలో దిబ్బలు కట్టే పగడాలు వేరు, వాటిని ఉంగరంలో పొదగరు. తూత్తుకుడి ముత్యాల వేటంటారా, అది 1961తోనే ఆగింది. కాబట్టి పత్తర్‌గట్టి ప్రమాణం కాదు.

నానమ్మ ప్రశ్నే గట్టిది. మీరాలం చెరువులో లేనిదేమిటి? జంతువుల పెద్ద విభాగాల్లో ఎకైనోడెర్మాటా ఒకటి. సముద్ర నక్షత్రాలు, సీ అర్చిన్లు, సముద్ర దోసకాయలు, అన్నీ కలిపి సుమారు 7,000 జాతులు. వాటిలో మంచినీళ్లలో బతికేది ఒక్కటీ లేదు. మీరాలంలోనే కాదు, మూసీలో లేదు, గండిపేటలో లేదు, కృష్ణా గోదావరుల మంచినీళ్లలో ఎక్కడా లేదు. అంటే దక్కను విద్యార్థి పరీక్షకు చదివే ఒక పాఠం మొత్తంలో బతికున్న ప్రాణి ఒక్కటీ ఈ పీఠభూమి మీద దొరకదు. ల్యాబ్ అల్మారాలో సీసాలున్నాయి నిజమే. ఫార్మలిన్‌లో ఏళ్ల తరబడి ఊరి ఎరుపూ నీలమూ అన్నీ ఒకే పాలిపోయిన రంగుకు వచ్చాయి. నానమ్మ పెట్టిన ఆవకాయ జాడీని చూసి మామిడిచెట్టును ఊహించుకోమన్నట్టుంది.

బెలనోగ్లాసస్ అనే సముద్రపు పురుగు ఇంకో ఉదాహరణ. తొండం, కాలరు, మొండెం అని మూడు భాగాలు గీసి పేర్లు రాస్తే మార్కులు పడతాయి. కొన్ని తరాల జువాలజీ వాళ్లు దాన్ని కంటితో చూడకుండానే గీశారు. మండపానికి దగ్గరి కురుసడై దీవి దాని జాతికి పేరుమోసిన చోటు. ఇసుకలో 'యు' ఆకారపు బొరియ చేసుకుని, తిన్న ఇసుకను చుట్టలు చుట్టలుగా పైకి నెడుతుంది. పట్టుకుంటే తెగిపోతుంది. దానికి అయోడోఫాం వాసన వస్తుంది, అచ్చం పాతకాలపు ఆస్పత్రి వార్డు వాసన. బొమ్మలో ఈ వాసన ఉండదు, దానికి మార్కులూ లేవు.

అమ్మీ ప్రశ్నకు జవాబు చంద్రుడు చెప్పాలి. సముద్రం నీళ్లు వెనక్కి తీసే వేళను విభాగాధిపతి నిర్ణయించడు. రోజుకు రెండు పోట్లు, రెండు తీతలు, మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యం. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎక్కుతుంది, తీత బాగా దిగుతుంది, మిగతా రోజుల్లో మునిగి ఉండే రాళ్లు అప్పుడే బయటపడతాయి. పండుగ నెలవంక కనిపించిన చాంద్ రాత్ నాడు లాడ్ బజార్‌లో గాజుల కోసం జనం తోసుకునే వేళకు మండపం దగ్గర సముద్రం ఆ ఉద్ధృతిలోకే వస్తుంటుంది. నెలవంక చూసి నెల లెక్కపెట్టే ఇంటికి, పంచాంగం చూసి పండుగ చేసే ఇంటికి ఇది కొత్త లెక్కేమీ కాదు. పర్యటన తేదీలు ఖరారు చేసేముందు కర్త తిథి చూశాడా లేదా అన్నది మాత్రం నోటీసులో లేదు. చూడకపోతే అరవై మంది పిల్లలు ఒడ్డున నిలబడి నిండు నీళ్లు చూసి వస్తారు. తల్లిదండ్రులు అడగాల్సిన అసలు ప్రశ్న అదే.

ఈత రానవసరం లేదు = పని మోకాటి లోతులోనే గనుక. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న పైపు చట్రం నేల మీద పరిచి, అందులో ఏ ప్రాణులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాసుకోవడం, పది అడుగులు జరిగి మళ్లీ పరచడం. బూట్లు వేసుకుని, ఇసుకలో టేకుచేప ఉంటే తప్పుకునేలా పాదాలు ఈడుస్తూ నడవాలి. పగడం మీద కాలు మోపరాదు. చెప్పుల దుకాణం మదీనా దగ్గరుంది.

అలంకార విశేషం

"నమూనాలు సేకరించరాదు, సేకరించిన నమూనాల రికార్డుకు 20 మార్కులు" అన్నచోట విరోధాభాసం. పై వాక్యం అటవీ శాఖది, కింది వాక్యం పాత సిలబస్‌ది. పగడాలు, సముద్ర దోసకాయలు, సముద్రపు గుర్రాలు 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులోకి ఎక్కాయి. వాటిని పట్టి తెస్తే మూడు నుంచి ఏడేళ్ల జైలు. మన్నారు సింధుశాఖలోని 21 దీవులు 1986 నుంచి జాతీయ పార్కు, వాటిలో రెండు ఇప్పటికే నీట మునిగాయి. దీవి మీద అడుగు పెట్టాలన్నా అనుమతి కావాలి. 20 మార్కులకు ఏడేళ్లు ఏ గ్రేడింగ్ పద్ధతిలోనూ గిట్టుబాటు కాదు.

మరి వైరుధ్యం తీరేదెలా? నమూనా అంటే సీసా అనుకుంటేనే చిక్కు. చట్రంలో లెక్క, గీసిన బొమ్మ, తీసిన ఫొటో, నీటి వేడి, వేళ, తిథి, ఇవన్నీ నమూనాలే అని చెబితే రెండు వాక్యాలూ నిలుస్తాయి. పైగా సీసా కంటే ఈ లెక్కే విలువైనది. నీళ్లు మామూలు కంటే వేడెక్కితే పగడం తనలోని నాచును వదిలేసి తెల్లబడుతుంది. ఈ సముద్రంలో 1998లో, 2010లో, 2016లో అది జరిగింది. ఏ ఏడు ఎంత తెల్లబడిందో లెక్కలు చెబుతాయి గాని సీసాలు చెప్పవు. ముందే తెల్లబడిన సీసాలు అసలే చెప్పవు.

పాఠాంతరం

"ఆసక్తి గలవారు" అన్నచోట ఎవరో పెన్సిలుతో "డబ్బు గలవారు" అని దిద్దారు. లేఖక దోషమని తోసిపుచ్చడానికి వీల్లేదు. అమెరికా పిల్లల క్షేత్ర కోర్సుకూ దీనికీ ఉన్న అసలు తేడా అక్కడే ఉంది. కళాశాల సగం ఖర్చు భరిస్తే ఈ పాఠాంతరం దానంతటదే చెరిగిపోతుంది.

తాత్పర్యం

నాంపల్లిలో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నైలో దిగి, మరో రైల్లో రాత్రంతా పోతే మండపం వస్తుంది. పిల్ల అక్కడికి పోయి, చూసి, లెక్కపెట్టి, ఖాళీ చేతులతో తిరిగి రావాలి. అమ్మానాన్నలకు మనవి: తేదీలు అమావాస్య, పున్నములకు దగ్గరగా ఉన్నాయో లేదో కళాశాలను అడగండి. ఉంటే అంగీకార పత్రం మీద సంతకం పెట్టండి. ఉర్దూలో పెట్టినా తెలుగులో పెట్టినా చెల్లుతుంది.