హార్స్ అంటే గుర్రం అని చెప్పకండి

మీ పాప బడి నుంచి వచ్చి 'హెచ్ ఫర్ హార్స్' అని అప్పజెప్పగానే 'హార్స్ అంటే గుర్రం బిడ్డా' అనబోతారు. ఆ మాటను కొన్నాళ్లు మింగేయండి. చొప్పదండి చుట్టుపక్కల ఊళ్లలో పెరిగే పిల్లకు గుర్రం ఏడాదికోసారి కనబడితే ఎక్కువ. హార్స్ మాత్రం రోజూ వినబడుతుంది. 'మూడు హెచ్‌పీ సరిపోతదా, ఐదు వెయ్యాల్నా?' అని వాళ్ల నాయిన మోటర్ షాపులో అడిగేది హార్స్‌పవర్ గురించే. కాబట్టి గుర్రాన్ని వెనక్కి నెట్టి మోటర్‌ను ముందుకు తెమ్మంటున్నాను.

ఇది తలకిందుల సలహా అని టీచర్లు అంటారు, అననివ్వండి. 2022-23లో మన తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. పిల్లలకు అది పెద్ద ఆసరానే. అయితే ఎదురెదురు పేజీలను చూసీ చూసీ ప్రతి ఇంగ్లిష్ మాటకూ ఒకే ఒక్క తెలుగు మాట ఉంటుందని వాళ్లకు నమ్మకం కుదురుతుంది. ఆ నమ్మకంతో పెద్ద తరగతికి పోయిన పిల్ల ముందు హార్స్‌పవర్, హార్స్ గ్రామ్, హార్స్ ట్రేడింగ్ వరుసగా వచ్చి నిలబడతాయి. అన్నిటికీ గుర్రమే అనుకుంటుంది, వాక్యం అర్థం కాదు, తనకు ఇంగ్లిష్ రాదని తేల్చుకుంటుంది. నాకు బాధ కలిగించేది ఆ చివరి మాటే. పిల్ల మొద్దు కాదు. మనం మొదటిరోజు చెప్పిన అర్థమే దానికి చాలలేదు.

అందుకని మొదటి పాఠం బావికాడ పెట్టండి. మోటర్ మీది రేకు చూపించి అంకె చదివించండి. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు అని బట్టీ పట్టించకండి. సుమారు 75 లీటర్ల నీళ్లను ఒక సెకనులో ఒక మీటరు పైకి లేపే బలం అని చెప్పండి. నీళ్లు 250 అడుగుల లోతున ఉంటే అదే బలం సెకనుకు ఒక్క లీటరునే పైకి తెస్తుంది, అదీ మోటర్‌లో, పంపులో, పైపుల్లో ఏమీ నష్టపోకుంటే. బోరు లోతైన కొద్దీ పెద్ద మోటర్ ఎందుకు అడుగుతామో పిల్లకు అక్కడే తెలిసిపోతుంది. అప్పటికి గుర్రం ఊసే రాలేదు, హార్స్ మాత్రం వచ్చేసింది.

'మరి హార్స్ అని ఎందుకన్నరు?' అని తనే అడుగుతుంది. అడిగేదాకా ఆగండి. అడిగినప్పుడు జేమ్స్ వాట్ సంగతి చెప్పండి. 1780ల నాటికి ఇంగ్లండ్‌లో కొన్ని మిల్లులు, బీరు బట్టీలు గుర్రాలతో నడిచేవి. ఆవిరి యంత్రం అమ్మబోతే కొనేవాడు అడిగేది ఒక్కటే: ఇది ఎన్ని గుర్రాల పని చేస్తుంది? వాట్ లెక్క కట్టి, నిమిషానికి 33,000 పౌండ్ల బరువును ఒక అడుగు ఎత్తడం ఒక గుర్రం పని అని తేల్చాడు. అది బేరం కోసం పుట్టిన కొలత. అదే బేరం మన దగ్గర జరిగి ఉంటే కొలతకు ఎద్దు పేరు పడేది, ఎందుకంటే ఇక్కడ మోట గుంజింది ఎద్దులే. వాలుదారిలో ఎద్దులు కిందికి దిగుతుంటే తోలు బొక్కెన పైకొచ్చి కాలువలో కుమ్మరించేది. ఆ పని చేసిన తాత ఇంకా ఇంట్లో ఉంటే ఈ భాగం ఆయననే చెప్పమనండి. వ్యవసాయ ఇంజనీరింగ్ పుస్తకాలు నడిమి సైజు ఎద్దుకు అర నుంచి ముప్పావు హార్స్‌పవర్ కడతాయి. అంటే ఐదు హెచ్‌పీ మోటర్ ఏడు నుంచి పది ఎద్దుల పెట్టు. ఈ లెక్క పిల్ల చేతే చేయించండి, మీరు చేసిపెట్టకండి.

వీలైతే పక్కనే ఉన్న రామడుగు మండలం లక్ష్మీపూర్ పేరూ చెప్పండి. కాళేశ్వరం ఎత్తిపోతల్లో భాగమైన గాయత్రి పంప్‌హౌస్ అక్కడ భూమి లోపల ఉంది. ఏడు మోటర్లు, ఒక్కొక్కటి 139 మెగావాట్లు. హార్స్‌పవర్‌లోకి మారిస్తే ఒక్కోటి దాదాపు 1,86,000, ఏడూ కలిపి 13 లక్షల పైచిలుకు. ఆ నీళ్లు వరద కాలువలో పడి మిడ్ మానేరుకు పోతాయి. బావికాడి ఐదుకూ ఈ 13 లక్షలకూ మాట ఒకటే అని తెలిసినప్పుడు పిల్ల కళ్లు పెద్దవవుతాయి. ఇంగ్లిష్ మాటంటే పరాయి వస్తువన్న బెదురు కూడా అక్కడే కొంత పోతుంది.

రెండో పాఠం వంటింట్లో. ఉలువల డబ్బా ముందు పెట్టి ఇది హార్స్ గ్రామ్ అనండి. మోటర్‌కూ ఉలువలకూ ఏం సంబంధమో ఊహించమనండి. తప్పు చెబితే దిద్దకండి, రెండు రోజులు ఆ తప్పుతోనే తిరగనివ్వండి. గుర్రాలకు దాణాగా పెట్టే గింజలు గనుక ఆ పేరొచ్చిందని చివరికి తెలుస్తుంది. అదే ఉలువలు మన దగ్గర ఎద్దులూ తిన్నాయి, చారుగా మనమూ తాగాం. హార్స్ ఫ్లై అంటే జోరీగ, అది మన బర్రెనూ వదలదు. తిరిగి తెలుగు వైపు నుంచీ ఒకటి అడగండి: చెరువంతా కమ్ముకునే గుర్రపు డెక్కకు ఇంగ్లిష్‌లో గుర్రం పేరుందా? లేదు, వాటర్ హయసింత్ అంటారు. ఒక భాషలో గుర్రం ఎక్కిన చోట మరో భాషలో దిగిపోతుందని పిల్లకు ఇంతకంటే తేలిగ్గా చెప్పలేం.

నిఘంటువు మూసి ఉంచండి. నిఘంటువు చెడ్డదని కాదు. అర్థాలకు అంకెలు వేసి వరుసగా పేరిస్తే పిల్ల మొదటిది పట్టుకుని మిగతావి వదిలేస్తుంది. దాని బదులు 'ఇక్కడ హార్స్ ఏం పని చేస్తోంది?' అని అడిగించండి. గుంజుతోందా? అయితే మోటర్ దారి. నాలుగు కాళ్ల మీద నిలబడి బరువు మోస్తోందా? వడ్లాయన కర్ర కోసేటప్పుడు కింద పెట్టే స్టాండు, బట్టలారేసే స్టాండు, జిమ్నాస్టిక్స్‌లో చేతులానించి తిరిగే దిమ్మె, అన్నిటికీ ఇంగ్లిష్‌లో హార్స్ పేరు అతికింది అందుకే.

సామెతల కోసం పశువుల అంగడికి తీసుకుపోండి, పుస్తకం కొనకండి. కోడె నోరు తెరిచి రెండు పళ్లదా, నాలుగు పళ్లదా అని చూసే రైతు పక్కన పిల్లను నిలబెట్టండి. ఊరికే ఇచ్చిన గుర్రం నోట్లోకి చూడొద్దని ఇంగ్లిష్ వాళ్లు ఎందుకంటారో ఆ క్షణమే తెలుస్తుంది. పళ్లతో వయసు తెలిసేది ఎద్దుకైనా గుర్రానికైనా ఒకటే. బేరంలో మోసాలూ అక్కడే కనబడతాయి. వాటిని చూశాక పేపర్లో 'హార్స్ ట్రేడింగ్' హెడ్డింగ్ చదివించండి. గుర్రాల బేరగాళ్ల ఎత్తులు పేరుమోసినవి కాబట్టి ఓట్ల బేరానికి, ఎమ్మెల్యేల బేరానికి ఆ పేరు వచ్చింది. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో ఫిరాయింపుల నిరోధక చట్టం తెచ్చినా హెడ్డింగ్ పోలేదు. ఇది చిన్నపిల్లలకు ఎందుకంటారేమో. ఓటు వయసు వచ్చాక నేర్పడం మరీ ఆలస్యం.

ఇక నిజం గుర్రం. దాన్ని అన్నిటికన్నా చివర చూపించండి, పెండ్లి ఊరేగింపులోనో ఇంకెక్కడో. అప్పటికి మీ పాప అడిగే ప్రశ్న 'ఇది ఎన్ని హెచ్‌పీ?' అవుతుంది. రోజంతా పని చేస్తే ఒకటి దగ్గర్లోనే, కానీ కొన్ని క్షణాలపాటు పూర్తి బలంతో గుంజితే 15 దాకా పోగలదని 1993లో 'నేచర్' పత్రికలో లెక్క కట్టి చూపారని చెప్పండి.

పరీక్షలో 'హార్స్' ఎదురుగా 'మోటర్ బలం' అని రాసి మార్కు పోగొట్టుకుంటే పోనివ్వండి. బడికి పోయి మీరు వాదించకండి. మర్నాడు పాపనే టీచర్ దగ్గరికి పంపించి, అట్లా ఎందుకు రాసిందో చెప్పమనండి, వచ్చినంత ఇంగ్లిష్‌లో, మిగిలింది తెలుగులో.